మీర్‌బాజ్ ఒక్కడే గెలిచిన కోట

కనుమ దగ్గరి తెల్లదొరల కోట మా వాళ్ళ చేతికి చిక్కింది. గట్టి దేవదారు కలపతో చేసిన దాని తలుపు, పోరులో అందరికంటే ముందు నిలిచినవాడి ఇంటికి పోవాలన్నారు పెద్దలు. ఆ తలుపున్న ఇంటికి తరతరాలకీ పేరు. పొగలో ఎవడెక్కడున్నాడో ఎవరికీ తెలియదు కాబట్టి, అది తేల్చడానికి చావడిలో కూర్చున్నాం. కోట గుమ్మంలో ప్రాణం వదిలిన తాజ్‌మీర్‌కి తమ్ముడు జర్వాలీ ఓ మూల తలొంచుకుని ఉన్నాడు. మీర్‌బాజ్ మటుకు టీ గిన్నె పట్టుకుని అప్పుడే మీసం మెలేశాడు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. ఆ రోజు నేను చేసిందల్లా బురుజు మీది సిపాయి టోపీని ఓ రాయితో కొట్టడం. అంతే. కాకపోతే ఆ రాయి టోపీని ఎగరగొట్టి, పక్కనున్న దొర దుర్భిణీ పగలగొట్టి, తిరిగి నా చేతికే వచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"రాయి నీకు సలాం కొట్టిందా కాకా?" అన్నాడొకడు.

"నోర్మూసుకుని విను! దొరకి ఒళ్ళు మండి ఫిరంగి పేల్చాడు. గుండు తిన్నగా నా మీదికే. తలపాగా విప్పి పట్టేశాను, పిల్లలు చెట్టు కింద మల్బరీ పళ్ళు పట్టినట్టు. ఇంకా వేడిగానే ఉంది కదా అని దాని మీద టీ కాచుకున్నాను."

"యుద్ధం మధ్యలో టీయా?"

"మిగతావాళ్ళంతా రాళ్ళ చాటున నక్కితే నాకేం తొందర? తాజ్‌మీర్ కూడా, పాపం మంచి కుర్రాడే, నా కుర్తా అంచు పట్టుకుని వణుకుతూ వచ్చాడు."

జర్వాలీ తలెత్తి చూశాడు.

"మన వెనక గట్టు మీద ఆడవాళ్ళు ఎర్రరంగు కుండలతో నిలబడతారా, పారిపోయి వచ్చేవాడి మీద కుమ్మరించడానికి? ఆ రోజు వాళ్ళకి పనే లేకుండా చేశాను. గోడ కింద భుజం పెట్టి కోటని ఓ పక్కకి ఎత్తాను. దొరలూ, గుర్రాలూ, వంట డేగిసాలూ అన్నీ ఆ చివరికి దొర్లిపోయాయి. తలుపు దానంతటదే ఊడొచ్చి నా కాళ్ళ మీద పడింది!"

"సాక్ష్యం?" అన్నాడు పెద్దాయన దరాజ్ ఖాన్.

"సాక్ష్యమా! ఈ జర్వాలీ వాళ్ళమ్మే సాక్ష్యం. గట్టు మీంచి నన్ను కళ్ళారా చూసింది. నా కళ్ళు నిప్పులు కక్కడం, మీసం నిక్కబొడుచుకోవడం, ముఖమంతా చెమటతో మెరవడం, అన్నీ చూసింది. అడగండి!"

జర్వాలీ లేచాడు.

"నిజమే పెద్దాయనా. అమ్మ ఈయన ముఖం చూసింది. మనవాడి పరువెందుకు తీయాలని ఇన్నాళ్ళూ ఊరుకుంది. గట్టు మన వెనకుంది కాకా. కోట మీదికి పోయినవాళ్ళందరి వీపులే కనబడ్డాయి అమ్మకి. మా అన్నదీ వీపే చూసింది, అదే చివరిచూపని ఇప్పటికీ ఏడుస్తుంది. నీ ముఖం మటుకు, మీసంతో సహా, బాగా చూసింది."

దరాజ్ ఖాన్ కర్ర పట్టుకుని లేచాడు. "తలుపు ఆ తల్లి ఇంటికి మోయండ్రా" అన్నాడు.