తీసుకునేవారి పేరు

యుద్ధంలో గల్లంతైన సైనికుల వివరాలు తేల్చే ఆఫీసది. బల్ల మీది రేకుపెట్టెను ముసలాయన రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. అందులో కొండ మీద దొరికిన ఎముకలున్నాయి.

“తాతగారూ, ఇవి మీ రక్తసంబంధీకుడివేనని పరీక్షలో తేలింది. కానీ పటాలం జాబితా ప్రకారం ఆ కొండ మీద చనిపోయింది మీరు!” అంది బల్లకవతలి ఉద్యోగిని.

“నేను పోతే నీ ఎదురుగా కూర్చున్నదెవరమ్మా, దయ్యమా?”

“మరి మీ పేరెలా ఎక్కింది?”

“ఇంటికొకణ్ణి పంపమన్నారు. తమ్ముడికి పదహారేళ్ళు. నా సర్టిఫికెట్ ఎత్తుకెళ్ళి నా పేరుతో చేరిపోయాడు.”

“మీరు చెప్పుంటే వెనక్కి పంపేసేవారుగా?”

“పంపేసేవారు. తర్వాత నన్ను రమ్మనేవారు. అందుకే నోరు మూసుకున్నాను.”

ఆమె పెట్టె అప్పగింత ఫారం ముందుకు జరుపుకుంది.

“మీ తమ్ముడి పేరుతో ఒక్క కాగితమైనా ఉందా?”

“బడికెళ్తేగా వెధవ!”

“ఈ ఫారంలో చనిపోయినవారి పేరూ, తీసుకునేవారి పేరూ ఒకటే కాకూడదండీ. పెట్టె ఇవ్వలేను.”

“అయితే నన్నే చచ్చినట్టు ఉంచు. తీసుకునేవాడి దగ్గర వాడి పేరు రాయి. ఒక్కచోటైనా ఉంటుంది.”

“అలాంటి మనిషి ఉన్నట్టే రుజువు లేదు, తాతగారూ. నన్ను మన్నించండి.”

ఆమె పెట్టెను మెల్లగా తనవైపు లాక్కుంది. ఆయన చేతులు ఖాళీ బల్ల మీద అలాగే ఉండిపోయాయి.

“పటాలంవాళ్ళు వినేటప్పుడు నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతుంటే వినే కాగితమే లేదన్నమాట.”