మంగళారం మా ఇంటికి రాండ్రి సార్

హాజరు లేదని నా పేరు నోటీసు బోర్డు మీద పెట్టుడేంది సార్? "మహేశ్వరి, ఫస్టియర్, పురాణాలు - జానపదం పేపర్" అని గంత పెద్ద అక్షరాలల్ల! రాలే, నిజమే. ఎందుకు రాలేదని ఒక్కలన్న అడిగిన్రా? కాని ఎవరో నా వీడియో పంపిస్తె మాత్రం టక్కున ఫోను కొట్టిన్రు. "మంగళారం క్లాసు మొత్తాన్ని తోలుకొని మీ బస్తీకి వస్తం మహేశ్వరీ, నీ మీదికి అమ్మోరు వచ్చే శిగం రికార్డు చేసుకుంటం" అన్నరు. ఎంత ఖుషీ ఉండె సార్ మీ గొంతుల!

గందుకే వచ్చిన. లేకపోతె ఈ నారాయణగూడ దిక్కు మళ్ల చూసేదాన్ని కాదు.

కుర్చీ వద్దు సార్. కూసుంటె ఏడుపొస్తది. నిలబడే చెప్త. మీరు జర ఆ తలుపు దగ్గరికేయుండ్రి, పక్క రూము మేడం ఇటే చూస్తున్నది.

ముందే చెప్తున్న. మీరు గట్ల మైకులు పట్టుకొని, పోరగాళ్లను ఏసుకొని వస్తె మా అమ్మ సచ్చిపోతది. ఉత్తగ అంటలే. మా నాయిన సంపుతడు. మీరు క్లాసుల చెప్పిన ముక్కను ఆయన ముందట నిలబడి మళ్ల ఒక్కసారి ఇడమరిచి చెప్తె చాలు, గంతే.

ఏం ముక్కనా? అప్పుడే మర్చిపోయిన్రా?

సరె, మొదటి సంది చెప్త. కంప్యూటర్ పేపరు సీట్లు నిండిపోయినయి, గందుకే మీ పేపరు తీసుకున్న. ఉత్తగ కూసోని పాసైతె అయిపాయె అనుకున్న. మీరు వచ్చుడు వచ్చుడే, చాక్‌పీసు గూడ పట్టలే. "మీ ఇండ్లల్లనే పుస్తకాల కంటె పెద్ద కథలున్నయి, పోయి చూడుండ్రి" అన్నరు. మా ఇంట్ల ఏముంటది సార్? చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ ఎనుక రేకుల రూము. పాలమూరు నుంచి వచ్చినోళ్లం. మా నాయిన బుగ్గయ్య సెంట్రింగ్ పనికి పోతడు, అది గూడ కూలోళ్ల అడ్డా మీద దొరికిననాడు. మా అమ్మ ఆశమ్మ అశోక్‌నగర్‌ల గ్రూప్స్ చదివేటోళ్ల హాస్టల్ల చపాతీలు చేస్తది. మా ఇంట్ల గూడ ఒక కథ ఉంటదని నాకు అప్పటిదాకా ఎవ్వలు చెప్పలే. ఆ రోజు ఇంటికి నడుసుకుంట పోతుంటె ఎంత మురిసిపోయిన్నో మీకు తెల్వది.

ఎందుకంటె మా ఇంటికి ఎల్లమ్మ వస్తది. మా అమ్మ ఒంటి మీదికి వస్తది, మంగళారం మంగళారం. దీపం పెట్టి, ఊదు పొగ ఏసి, కండ్లు మూసుకుంటె చాలు, కొప్పు ఊడిపోతది, ఒళ్లంత ఊగుతది, గొంతు మారుతది. బస్తీల ఆడోళ్లంత వచ్చి కూసుంటరు. మొగుని పని సంగతి, పిల్లల జరం సంగతి అడుగుతరు. ఆమె చెప్తది.

మా నాయిన సంగతి ఇనుండ్రి ఇగ. తాగుతడు, కొడ్తడు. అన్నం సల్లగున్నదని కొడ్తడు, ఏడిగున్నదని కొడ్తడు. మా అమ్మ ముందటి పండ్లు ఎప్పుడో పోయినయి. కాని మంగళారం మాత్రం పిల్లి తీరు అయితడు. శిగం రాంగనే ఎల్లమ్మ ముందుగాల ఆయననే పిలుస్తది. "ఎవడురా నా బిడ్డను ముట్టింది?" అంటది. చెంప మీద ఒక్కటి పీకుతది. ఈ మనిషి బోర్ల పడి కాళ్లు మొక్కి, పసుపు నీళ్ల సాక పోసి, "తప్పయింది తల్లీ" అని చిన్న పిల్లగాని లెక్క ఏడుస్తడు. మళ్ల శుక్కురారం దాకా చెయ్యి లేవది. ఆ రెండుమూడు దినాలే సార్ మా అమ్మ కంటినిండ పండుకునేది.

ఇగ మీ రెండో క్లాసు. శిగం గురించే. "తన నోటితోని అనలేని మాటను ఆడది దేవత నోటితోని అంటది. లోపల అణిగిన కోపం అది" అన్నరు. మా అమ్మను చూసినట్టే చెప్తున్నరు అనిపించింది. చెయ్యి లేపి, మా ఇంట్ల ఉన్నది సార్ అన్న. మీరు "శభాష్! రాసుకొని రా" అన్నరు. కాలేజీల నన్ను శభాష్ అన్నది ఎవ్వలు సార్ అంతకుముందు? ఎగురుకుంట ఇంటికి పోయిన.

పోయి ఏం చేసిన? నా నోరు పడిపోను! రొట్టెలు చేస్తున్న అమ్మ పక్కన కూసోని అంత అప్పజెప్పిన. "అమ్మా, వచ్చేది ఎల్లమ్మ కాదట. నీ కోపమేనట. నువ్వేనట" అని. మా అమ్మ నవ్వింది. "సదువుకున్నోళ్లకు తిక్క" అని రొట్టె తిప్పింది. మంచం మీద మా నాయిన దుప్పటి కప్పుకొని పండుకున్నడు. నిద్రపోయిండు అనుకున్న.

దుప్పటి తీసిండు. ఆ రోజు తాగలే సార్, గదే నాకు భయమయింది. మెల్లగ అడిగిండు, "ఎవలు చెప్పిన్రు?" అని. మా కాలేజి సారు అన్న. "అంటె నాటకమా?" నాటకం కాదు నాయినా, లోపలున్న కోపం అన్న. ఇంకా పాఠం చెప్తనే ఉన్న, చూడుండ్రి నా తెలివి! "కోపమా? ఎవల మీద?" అన్నడు. అప్పటికే ఆయనకు సమజైంది.

"అంటె ఇన్నేండ్ల సంది నేను నా పెండ్లాం కాళ్లు మొక్కుతున్ననా? నా చెంప మీద కొట్టింది నా పెండ్లామా?" అన్నడు. మళ్ల దుప్పటి కప్పుకొని పండుకున్నడు.

మంగళారం వచ్చింది. అమ్మ దీపం పెట్టబోయింది. ఈ వారం వద్దమ్మా అన్న సార్, కాళ్లు పట్టుకున్న. "వచ్చేదాన్ని వద్దనడానికి మనమెవ్వలం బిడ్డా" అన్నది. పక్కింటి త్రివేణక్క వచ్చింది, ఇంకా ఆడోళ్లు వచ్చిన్రు. శిగం వచ్చింది. "ఎవడురా నా బిడ్డను ముట్టింది?" అన్నదో లేదో, మా నాయిన లేసిండు. చేతుల సెంట్రింగ్ చెక్క ఉన్నది. "నేనే ముట్టిన, ఏం పీకుతవే?" అని మూతి మీద కొట్టిండు.

దవడ ఇరిగిన చప్పుడు ఇన్నరా సార్ ఎప్పుడన్న? కొబ్బరికాయ కొట్టినట్టే ఉంటది.

మా అమ్మ చెయ్యి అడ్డం పెట్టలే. వేరే రోజులల్ల తలకాయ దాసుకుంటది, మూలకు ముడుసుకుంటది, ఎట్ల పడితె తక్కువ తగుల్తదో ఆమెకు ఎరుకే. ఆ రోజు కదల్లే. ఆ టైముల ఆమె ఆశమ్మ కాదు గదా! ఎల్లమ్మ తలకాయ దాసుకుంటదా? నిలబడి తిన్నది దెబ్బలన్ని. నోట్ల నుంచి నెత్తురు కారుతుంటె గూడ ఊగుడు ఆపలే. "రమ్మనవే నీ ఎల్లమ్మను, రమ్మను" అనుకుంట మా నాయిన కొడ్తనే ఉన్నడు.

మరి జనం ఏం చేసిన్రంటరా? ఈ ముక్క గూడ మీ క్లాసుల చెప్పుండ్రి. ఒక్కలు అడ్డం రాలే. భయపడి కాదు. చేతులు జోడిచ్చి నిలబడ్డరు! ఇగ వాని కండ్లు పోతయి, ఇగ వాడు నెత్తురు కక్కుకుంటడు అని చూస్తున్నరు. త్రివేణక్క "తల్లీ, నీ మహిమ చూపియ్యి" అని మొక్కుతున్నది. అమ్మ కింద పడ్డది. పడ్డంక గూడ మొక్కుతనే ఉన్నరు.

నేను జుట్టు ఇప్పిన. పళ్లెంల పసుపంత మొఖానికి రాసుకున్న. చిన్నప్పటి సంది ఇన్న గొంతే గదా, అచ్చం ఆ గొంతుతోనే "ఎవడురా నా బిడ్డను ముట్టింది?" అని అరిచిన. మా నాయిన చేతులకెంచి చెక్క జారిపడ్డది. దాన్నే తీసుకొని భుజం మీద ఒక్కటి ఏసిన. మోకాళ్ల మీద పడ్డడు. "తప్పయింది తల్లీ, తప్పయింది" అని చేతులు జోడిచ్చిండు. మళ్ల ఏసిన. కుడి చెయ్యి మణికట్టు కాడ ఇరిగింది.

"బిడ్డ మీదికి వచ్చిందిరో" అని ఒకటే గోల. ఎవరో నా నోట్ల నిమ్మకాయ పెట్టిన్రు, ఎవరో నెత్తి మీద సాక పోసిన్రు. మీరు చూసిన వీడియో గప్పుడు తీసిందే. తర్వాత పోలీసాయన వచ్చిండు. ఇగ నన్ను తీసుకపోతడు అనుకున్న. గడప కాడ బూట్లు ఇడిసిండు సార్! "అమ్మా, నాకు ట్రాన్స్‌ఫర్ ఎప్పుడైతది?" అని అడిగిండు. నవ్వాల్నా ఏడ్వాల్నా? అయితది పో అన్న. ఇయ్యాల అశోక్‌నగర్ మీదికెంచి నడుసుకుంట వస్తుంటె కోచింగ్ సెంటర్ ముందట ఒకడు గుర్తుపట్టి, "గ్రూప్ టూ వస్తదా అమ్మా" అని దండం పెట్టిండు. నాకంటె పదేండ్లు పెద్దోడు.

మా అమ్మ సర్కారు దవాఖానల ఉన్నది. దవడకు తీగలు కట్టిన్రు. నోరు తెరవొద్దు. పైపుతోని జావ తాగుతున్నది. మాట లేదు. హాస్టల్ల ఆమె జాగల వేరే ఆమెను పెట్టుకున్నరు. నిన్న నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. తన గుండె మీద చెయ్యి పెట్టుకొని నా మొఖం దిక్కు చూసింది. ఇన్నేండ్లు వచ్చింది నేనేనా అని అడుగుతున్నది సార్.

ఏం చెప్పాలె నేను? మీరు చెప్పుండ్రి. అవు అమ్మా నువ్వే అంటె, నాకు గంత బలముంటె ఇన్ని దెబ్బలెందుకు తిన్న అనుకుంటది. కాదమ్మా ఎల్లమ్మనే అంటె, మరి నన్నెందుకు కాపాడలే అనుకుంటది. దుప్పటి సర్ది బయటికి వచ్చిన. వరండాల కూసోని బగ్గ ఏడ్సిన.

ఆఁ? అబద్ధమని మీరు అనలేదా? పది తీర్ల అర్థం చేసుకోవచ్చు అన్నరా? ఉంటయి సార్, మీకు పది అర్థాలుంటయి. మా అమ్మకు దవడ ఒక్కటే.

కోపానికి రాకుండ్రి. కూసోండ్రి. అసలు సంగతి ఇంకా చెప్పలే.

శనివారం అమ్మను ఇంటికి పంపుతరు. ఇంకెక్కడికి పోతది? కేసు పెట్టమంటరా? ఆమె నోరు తెరిచి చెప్పేదాకా ఎవ్వలు రాసుకోరట. ఆ ఇంట్లనే మా నాయిన ఉన్నడు, చెయ్యికి పట్టీ ఏసుకొని. నేను పోతె లేసి నిలబడ్తడు. కన్నబిడ్డను "తల్లీ" అంటడు. ఎల్లమ్మ దెబ్బ తిన్న అని ఆ చెయ్యి అందరికి చూపిచ్చుకుంటడు. ఇప్పటికైతె మంచిగనే ఉన్నడు. కాని మొన్న మెల్లగ అడిగిండు, "తల్లీ, మీ సారు గట్ల అన్నడు గదా, మరి నిజమేంది?" అని. చూసిన్రా? ఆయన మనసుల పురుగు ఇంకా తొలుస్తనే ఉన్నది. ఇరిగిన చెయ్యి అతుకుతది సార్. అతికినంక మళ్ల అడుగుతడు.

అమ్మకు నోరు లేదు ఇప్పుడు. ఎల్లమ్మ ఏ నోటితోని రావాలె? నేనే కూసోవాలె. మీ క్లాసుకు రాలేదని బోర్డు మీద పెట్టిన్రే, ఆ దినాలల్ల నేను ఇంట్ల ఊగుడు నేర్చుకుంటున్న.

ఇగ ఎట్ల రావాల్నో ఇనుండ్రి. మంగళారం ఒక్కలే రాండ్రి. మైకు వద్దు, పోరగాళ్లు వద్దు. చెప్పులు బయట ఇడిసి, కొబ్బరికాయ పట్టుకొని రాండ్రి. మా నాయిన గడప కాడనే కూసుంటడు. "నేను లేనన్నది ఎవడురా?" అని నేను పిలుస్త. మీరు బోర్ల పడి నా కాళ్లు మొక్కాలె. అవు సార్, మీ స్టూడెంట్ కాళ్లే. "కండ్లు మూసుకపోయి అన్న తల్లీ" అని అందరికి ఇనపడేటట్టు చెప్పాలె. మా మాట ఆయన నమ్మడు, మీ మాట నమ్ముతడు. గంత సదువుకున్న సారే మొక్కిండంటె మా నాయిన జన్మల మళ్ల అడగడు.

ఇజ్జత్ పోతదా? పోనియ్యుండ్రి. చిక్కడపల్లి సందుల పోయిన ఇజ్జత్ నారాయణగూడకు రాంగనే మళ్ల వస్తది మీకు.

ఏందీ? ఆ రోజు నా మీదికి నిజంగ వచ్చిందా అంటరా? ఇప్పుడు గూడ మీకు గదే కావాల్నా! సరె, మీకొక్కలకే చెప్త. రాలే. నా ఒంటి మీదికి ఎవ్వలు రాలే. మొదటి దెబ్బ అమ్మ కోసం ఏసిన. రెండోదాని టైముకు ఆయన ఉత్త చేతులతోని ఉన్నడు, మొక్కుతున్నడు, ఇంకెవ్వలను కొట్టేటట్టు లేడు. అన్ని తెలిసే, ఆ జోడిచ్చిన చేతుల మీదనే చూసుకొని కొట్టిన. చప్పుడు ఇనంగనే పాణం హాయిగయింది. యాదికొస్తె భయమైతది, మళ్ల హాయిగ గూడ అనిపిస్తది. మా నాయిన బిడ్డనే గదా నేను.

ఒక్కటి చెప్పి పోత. మీరు మొక్కినంక ఎల్లమ్మ మిమ్మల్ని ఒక్కటి కొట్టాలె, చెంప మీద, అందరి ముందట. మెల్లగ కొట్టరాదు సార్. మెల్లగ కొడితె మా నాయిన కనిపెడ్తడు, దెబ్బల సంగతి ఆయనకు తెల్వంది లేదు. గట్టిగనే పడ్తది.

ఎల్లమ్మ కొట్టింది అనుకోకుండ్రి. నాకు కొట్టాలనే ఉన్నది.