రెండు రింగులు

లైన్లన్నీ ఆపేస్తున్నారని, పాత ఫోను విప్పి తీసుకెళ్లడానికి లైన్‌మన్ వచ్చాడు. ఆ ఇంట్లో పెద్దావిడ ఒక్కతే ఉంటుంది.

"ఈ వీధిలో మీదొక్కటే మిగిలిందమ్మా. దీనికి ఫోన్లు వస్తాయా ఇంకా?"

"ఎవరు చేస్తారు బాబూ! మా ఆయన ప్రెస్సు నుంచి బయల్దేరేటప్పుడు రెండు రింగులిచ్చి పెట్టేసేవారు. అది విని నేను స్టవ్ వెలిగించేదాన్ని."

"మాట్లాడేవారు కాదా?"

"మాట్లాడితే బిల్లు పడదూ? ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలని మనిషి."

"ఇప్పుడెక్కడున్నారు?"

"పోయి మూడేళ్లయింది."

"అయ్యో... తెలీక అడిగానమ్మా."

"పర్లేదులే. విప్పేముందు నీ సెల్లు నుంచి ఒక్కసారి దీనికి చేస్తావా?"

"దానికేం భాగ్యం! మీరు తీసి మాట్లాడతారా?"

"ఊహూఁ, నేను తియ్యను. రెండు రింగులవగానే నువ్వే పెట్టెయ్యి."

ఫోను రెండుసార్లు మోగి ఆగింది. ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. స్టవ్ వెలిగిన చప్పుడు వినిపించింది.

"అమ్మా, ఇంక విప్పెయ్యనా?"

"ఒక్క అరగంట ఆగు బాబూ. ఆయన ఇల్లు చేరడానికి అంతసేపు పట్టేది."