జ్ఞానరాజు గారి కెనడా ఫ్రెంచ్

గల్ఫ్‌లోని ఇంటర్నేషనల్ సిటీలో, ఇంగ్లాండ్ క్లస్టర్ అపార్ట్‌మెంట్ల కింద కెఫెటేరియాలో జ్ఞానరాజు కూర్చున్నాడంటే చాయ్ కప్పులు ఖాళీ అవుతాయి గానీ ఆయన నోరు ఖాళీ అవదు. అల్ ఖూజ్‌లో ఏసీ సామాన్ల గోడౌన్‌కి స్టోర్ కీపర్ ఆయన. కంపెనీ పంపితే కెనడాలో మూడు నెలలు ఉండొచ్చానంటాడు. ఉన్నాడో లేదో ఆ దేవుడికే తెలియాలి.

ఆ శనివారం సాయంత్రం ఆయన ఎదురుగా నర్సు కృపారాణి కూర్చుంది. కెనడాలో ఆల్బర్టా అనే చోట ఓ చిన్న ఆస్పత్రి వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. వస్తుందో రాదో చెప్పడానికి ఇవాళే ఆఖరు. వెళితే, నర్సాపురం హాస్టల్లో ఉన్న కూతురు రేచెల్‌ని దగ్గరికి తెచ్చుకోవచ్చు. నాలుగేళ్ళుగా ఆ పిల్లని ఫోన్లోనే చూసుకుంటోంది. ఇంగ్లీషు పరీక్ష కిందా మీదా పడి గట్టెక్కింది. తీరా పోయిన వారం ప్రార్థన కూటంలో ఈయన "అక్కడంతా ఫ్రెంచేనమ్మా" అనేసరికి ఆమె గుండెల్లో రాయి పడింది. ఫోన్లో వెతికితే, ఇంగ్లీషూ ఫ్రెంచూ రెండూ అక్కడి అధికార భాషలేనని కనబడి ఇంకా బెదిరింది. "రాలేను" అని మెయిల్ రాసి పెట్టుకుంది. పంపడానికి మాత్రం మనసు రాలేదు.

"నిజం చెప్పండన్నయ్యా, ఇంగ్లీషుతో అక్కడ బతకలేమా?"

"బతకడమా! నేను దిగిన రోజే కొట్టుకెళ్ళి ఇంగ్లీషులో బ్రెడ్డు అడిగానా, కొట్టువాడు వినపడనట్టు మొహం తిప్పేసుకున్నాడు. సరే అని ఫ్రెంచ్ అందుకున్నా. వేడి వేడి బ్రెడ్డు, దాని మీద ఇంత వెన్న!"

"ఏ ఊర్లనే?" అన్నాడు పక్క బల్ల దగ్గరున్న లింబాద్రి. నిజామాబాద్ వైపు మనిషి, అదే గోడౌన్‌లో పికప్ డ్రైవరు. "క్యూబెక్ తట్టు గట్ల ఉంటదంట గదా?"

"ఏ తట్టయితే ఏంటోయ్, దేశమంతా అంతే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడ్డా. పక్క మంచం ముసలాయన గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. నర్సు సూది పట్టుకొచ్చి, చెయ్యి చాపండి తాతగారూ అని ఇంగ్లీషులో అంది. చాపితేనా! ప్రాణం పోయినా సరే, ఫ్రెంచ్‌లో అడిగితేనే చాపుతానన్నాడు. నేను మంచం మీంచే ఫ్రెంచ్‌లో ఒక్క కేక వేశా, రెండు చేతులూ చాపేశాడు! ఆ నర్సుని మాత్రం ఆ సాయంత్రమే పీకేశారు."

కృపారాణి కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఆవిడకి పిల్లలున్నారా?"

"ముగ్గురు!" అన్నాడు జ్ఞానరాజు తడుముకోకుండా. "నువ్వు మనుషుల సంగతే అడుగుతున్నావు. అక్కడ కుక్కని ఇంగ్లీషులో పొమ్మంటే మీద పడుతుంది. ఫ్రెంచ్‌లో పొమ్మంటే తల వంచుకుని పోతుంది. ఓ రోజు గడ్డకట్టిన చెరువు మీద నించుని ఫ్రెంచ్‌లో కీర్తన ఎత్తుకున్నా. మంచు కరిగి, చేపలు వాటంతటవే గట్టెక్కేశాయి!"

"వండుకోని తిన్నవా మరి?" అన్నాడు లింబాద్రి.

"తీరికేదయ్యా? అప్పటికే నా గది ముందు జనం."

"ఏం జనం అన్నయ్యా?"

"ఫ్రెంచ్ నేర్పమనమ్మా! పొద్దున ఆల్బర్టా వాళ్ళు, మధ్యాహ్నం టొరంటో వాళ్ళు, సాయంత్రం వాంకూవర్ వాళ్ళు. గది చాలక స్టేడియంలో మైకు పెట్టించా. మూడు నెలల్లో మూడు కోట్ల మందికి నేర్పానని సర్కారు వాళ్ళే తేల్చారు!"

"ఆ దేశంలో మొత్తం జనం ఎంతుంటారు?" అంది కృపారాణి.

"నాలుగు కోట్లు," అన్నాడాయన ఛాతీ విరిచి.

ఆమె వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "అంటే, మీరు వెళ్ళేదాకా ఆ మూడు కోట్ల మందికీ ఫ్రెంచ్ రాదా?"

"ముక్క రాదు!"

"మరి ఆల్బర్టా వాళ్ళకి?"

"వాళ్ళయితే మరీ అన్యాయం! పొద్దున లేస్తే పడుకునేదాకా అందరూ ఇంగ్లీషే. ఎంత అవస్థ పడ్డానో నీకేం తెలుసు!"

లింబాద్రికి చాయ్ పొలమారింది. ఆమె ఫోన్ తీసి "రాలేను" చెరిపేసింది. "వస్తున్నాను" అని కొట్టి, రెండోసారి చదవకుండానే పంపేసింది. అప్పటికి గానీ తానేమన్నాడో జ్ఞానరాజు బుర్రకెక్కలేదు.

"వారం రోజులు నన్ను ఏడిపించారన్నయ్యా," అంది కృపారాణి లేస్తూ. "పోనీలెండి, ఆఖరికి మీ నోటితోనే నిజం చెప్పించాడు దేవుడు. వెళ్ళొస్తాను, రేచెల్‌కి ఫోన్ చెయ్యాలి."

"అమ్మాయ్, ఆగు! అక్కడి చలి సంగతి నీకు చెప్పనేలేదు..."

ఆమె అప్పటికే రోడ్డు దాటేసింది. లింబాద్రి తన కప్పు పట్టుకొచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

"ఖలాస్ అన్నా, చెల్లె పోయింది. ఆ చలి ముచ్చట ఇగ నాకు జెప్పు. నేనైతే యాడికి పోయేది లేదు."