పాట నడుస్తుండగా

నెలకో ఆదివారం మైకు లేకుండా జానపదాలు పాడించే ఇల్లది. ఆ అలవాటు పెట్టిన ఇంటాయన పోయి నెల దాటింది. ఆయన్ని అన్నా అని పిలిచే పాటగాడు, ముందు గదిలో వదిన ఎదురుగా కూర్చున్నాడు. చెప్పాలనుకున్నది వీధి చివరి నుంచీ వల్లె వేసుకుంటూ వచ్చాడు పాపం.

"అలా కాదు వదినా, నా మాట పూర్తిగా వినండి."

"వింటున్నాను. టీలో చక్కెర వేశానా?"

"వేశారు. రెండుసార్లు వేశారు."

"అయితే తాగకు."

"తాగుతాను. వదినా, ఈ ఆదివారం..."

"చాపలు మేడ మీద ఆరేశాను. కుర్చీలు పక్కింటావిడ ఇస్తానంది."

"అంటే, మీరు కచేరీ పెడతారా?"

"పెట్టొద్దా? జనం వస్తే గ్లాసులు కడగాలి. కడుగుతుంటే పొద్దు పోతుంది. ఊరికే కూర్చుంటే ఏమీ అనిపించడం లేదు నాకు. ఏడుపు కూడా రావట్లేదు."

"నేను పాడలేను వదినా. అది చెప్పడానికే వచ్చాను."

"గొంతు పట్టేసిందా?"

"గొంతు బానే ఉంది."

"మరి?"

"ఆ రోజు అన్న కుర్చీల కోసం బయటికెళ్ళాడు కదా."

"వెళ్ళారు. జనం గడప దాకా వచ్చేశారు."

"వెళ్తూ వెళ్తూ నా చెవిలో, 'పెద్ద పాట ఎత్తుకోరా, నేనొచ్చేదాకా ఆపకు' అన్నాడు."

"ఆ పాటంటే ఆయనకి ప్రాణం."

"ఆ పాటే వదినా..."

"చెప్పు."

"అది పది నిమిషాల పాట. అన్న రాలేదు. ఆపొద్దన్నాడు కదా అని తిప్పి తిప్పి పాడాను. లేని చరణాలు అప్పటికప్పుడు కట్టాను. అరగంట సాగదీశాను వదినా."

"అరగంటా? అనిపించలేదే."

"అన్న వీధి మలుపులో కుప్పకూలిపోయాడు, నేనిక్కడ రాగం తీస్తున్నాను. పది నిమిషాలకి ఆపేసుంటే ఎవరో ఒకరు బయటికి వెళ్ళేవాళ్ళు, చూసేవాళ్ళు. డాక్టరేమన్నాడో మీరూ విన్నారు."

"పావుగంట ముందు తెచ్చుంటే, అన్నాడు."

"ఆ పావుగంట నేను తినేశాను."

"బిస్కెట్లు కూడా తిను."

"వదినా!"

"మెత్తబడిపోయాయా?"

"నన్ను తిట్టండి. నాలుగు చివాట్లు పెట్టండి. మీరిలా బిస్కెట్లు పెడుతుంటే నాకు పిచ్చెక్కుతోంది."

"నిన్నెందుకు తిడతాను? ఫోన్లన్నీ డబ్బాలో వేసి మూత పెట్టాలన్నది ఎవరు?"

"అన్నే."

"కాలింగ్ బెల్లు వైరు పీకింది?"

"అన్నే. పాట మధ్యలో లేచినవాడు మళ్ళీ ఈ గడప తొక్కకూడదనేవాడు. మంత్రయినా సరే."

"మంత్రి సంగతేమో గానీ, ఈ కచేరీలు జరిగిన తొమ్మిదేళ్ళూ నేను వంటింట్లోనే ఉన్నాను. టీ, గ్లాసులు, మళ్ళీ టీ. చెంచా కింద పడితే కళ్ళతోనే కాల్చేసేవారు."

"అయితే పాటలు..."

"ముక్కలు ముక్కలుగా. ఒకదాని మొదలు, ఇంకోదాని చివర. ఆ రోజు ఆయన బయటికెళ్ళారు కదా, స్టవ్ కట్టేశాను."

"గుమ్మం దగ్గర అన్న కుర్చీలో కూర్చున్నారు. చూశాను. కళ్ళు మూసుకుని వింటున్నారు. నిజం చెప్పాలంటే వదినా, మిమ్మల్ని చూసే ఇంకో రెండు చరణాలు కట్టాను."

"అవునా?"

"అవును. అదే నన్ను..."

"కూర్చోబోయే ముందు డబ్బాలో ఫోన్ కదిలింది."

"ఎవరిది?"

"నాదే. మూత తీసి చూశాను. ఆయన పేరుంది."

"అన్న చేశాడా? ఎప్పుడు?"

"నువ్వు రెండో చరణం ఎత్తుకున్నప్పుడు."

"రెండో... ఏమన్నాడు? ఏమన్నాడు వదినా?"

"కుర్చీలెన్ని తేవాలో అడగడానికే అనుకున్నాను. ఎత్తితే నువ్వు పాడేది పోతుంది. ఎలాగూ వస్తారు కదా అని కట్ చేసి, మూత పెట్టి, వచ్చి కూర్చున్నాను."

"వదినా..."

"ఒక పాట మొత్తం వినడం అదే మొదలు తమ్ముడూ. చాలా బాగా పాడావు."