అన్నీ పచ్చ టిక్కులే

మధ్యాహ్నం. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కోడలు. ఎదురు కుర్చీలో మామగారు. ఓరగా తీసి ఉన్న తలుపు వెనక, లోపలి గదిలో అత్తగారు పడుకుని ఉన్నారు.

“అయితే ఆ పరీక్షలో ఎర్ర గుర్తు రావడం మంచిదా, చెడ్డదా? ముందు అది చెప్పు.”

“చెడ్డదే మామయ్యా. కానీ అసలెప్పుడూ రాకపోవడం అంతకంటే చెడ్డది.”

“ఇదేం తిరకాసమ్మా! అన్నీ పాసయ్యాయని దిగులు పడే మనిషివి నువ్వొక్కదానివే.”

“దిగులు కాదు, అనుమానం. నెల రోజులుగా ఆ ప్రోగ్రాంలో తలా ఒక చెయ్యి పెట్టి ఏదో ఒకటి మారుస్తూనే ఉన్నారు. అయినా పొద్దున్నే తెరిచి చూస్తే అన్నీ పచ్చ టిక్కులే. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. నమ్మబుద్ధి కావట్లేదు.”

“దేవుడి దయ అనుకోరాదూ?”

“దేవుడు మా ఆఫీసులో పని చెయ్యడు మామయ్యా.”

“హుష్! అలా అనకు. ఉండు, మీ అత్తయ్యని ఓసారి పలకరించాలి. ఏమేవ్! తల ఎలా ఉంది?”

“ఆఁ. బాగానే ఉంది.”

“విన్నావుగా. బాగానే ఉందట.”

“లేచి వెళ్ళి చూడొచ్చు కదా?”

“చూస్తే మాత్రం ఏం కనిపిస్తుంది? నిన్న బాత్రూంలో పడ్డప్పుడు డాక్టరేమన్నాడు? ‘తలకి దెబ్బ తగిలింది, పైకేమీ తెలియకపోవచ్చు, అప్పుడప్పుడూ పలకరిస్తూ ఉండండి, మాటలో తేడా వస్తే క్షణం ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి’ అన్నాడు. పలకరిస్తూనే ఉన్నా. పలుకుతూనే ఉంది. ఈ మోకాళ్ళతో మాటిమాటికీ లేవలేను తల్లీ. నీ సంగతి చెప్పు. ఏమిటా ప్రోగ్రాం?”

“ఆస్పత్రుల్లో వాడేది. రోగి బరువు చెబితే మందు ఎంత ఎక్కించాలో లెక్క కట్టి ఇస్తుంది. సాయంత్రం అన్ని ఆస్పత్రులకీ పంపేస్తారు.”

“అమ్మో! ఆ లెక్క సరిగ్గా ఉందో లేదో నువ్వు చూడాలన్నమాట.”

“నేను కాదు, ఇంకో ప్రోగ్రాం చూస్తుంది. అది దీన్ని ప్రశ్నలడుగుతుంది. జవాబు సరైతే పచ్చ, తప్పయితే ఎరుపు. మేం రంగు చూసుకుంటాం.”

“జవాబు చూడరా?”

“...రంగు చూస్తాం మామయ్యా.”

“ఊఁ. నేనూ అంతేలే. రోజూ దణ్ణం పెట్టుకుని, అందర్నీ చల్లగా చూడు స్వామీ అంటాను. ఆయనేమీ అనడు. ఏమీ అనలేదు కాబట్టి సరే అన్నాడనుకుని లేచి వచ్చేస్తాను. ఒక్కోసారి మాత్రం, అసలు విన్నాడా అని...”

“నేనూ అదే తేల్చుకుందామని. ఇదిగో, కావాలనే చెడగొట్టా. మందు పదింతలు అయ్యేలా లెక్క మార్చేశా. ఇప్పుడు పరీక్ష పెడితే గగ్గోలు పెట్టాలి.”

“బంగారంలాంటి దాన్ని చెడగొట్టడమేమిటమ్మా!”

“నా దగ్గరున్న కాపీలోనే లెండి. అరుస్తుందో లేదో చూడ్డానికి.”

“కానియ్యి, చూడు. ఏమేవ్! టీ తాగుతావా?”

“ఆఁ. బాగానే ఉంది.”

“టీ తాగుతావా అంటే బాగానే ఉందంటారేంటి?”

“నిద్రమత్తులే. తల గురించి అడిగాననుకుంది. పొద్దున్నుంచీ అదేగా అడుగుతున్నా, నోటికి అదే వచ్చేస్తోంది. ఇంతకీ అరిచిందా నీది?”

“అరవలేదు.”

“మంచిదేగా?”

“మంచిదేంటి మామయ్యా! పదింతల మందు! మనిషి ప్రాణం పోతుంది! ఇదేమో పచ్చ టిక్కు పెట్టుకుని కూర్చుంది!”

“అదెలాగ?”

“ఉండండి, చూస్తున్నా... ఇదిగో. ఈ పరీక్ష పెట్టే ప్రోగ్రాం ఏ మహానుభావుడు రాశాడో! ఎక్కడ దెబ్బతిన్నా ఆగకు, ఎవరికీ చెప్పకు, పాస్ అని రాసేసి ముందుకు పో అని పెట్టాడు. ఇది మొదటి అడుగులోనే పడిపోతోంది. అసలు లెక్క దాకా వెళ్ళడమే లేదు. ఏమడిగినా ఒకటే మాట. పాస్. పాస్. పాస్.”

“అంటే ఇన్నాళ్ళూ నువ్వు అడిగింది దానికి వినపడనే లేదా?”

“వినపడలేదు. పలుకుతోంది, అంతే... మామయ్యా.”

“ఊఁ?”

“పొద్దున్నుంచీ అత్తయ్య మీతో ఇంకేమైనా మాట్లాడారా? ఆ మాట కాకుండా?”

“ఎందుకు మాట్లాడలేదూ? కిటికీ వెయ్యనా అన్నాను. బాగానే ఉందంది. గాలి బాగుంది, ఉండనీ అనేగా? మందు వేసుకున్నావా అన్నాను...”

“ఏమన్నారు?”

“...బాగానే ఉందంది.”

“ఒక్కసారైనా కాదన్నారా? కసిరారా మిమ్మల్ని?”

“మీ అత్తయ్యా? నన్ను కసరందే దానికి పొద్దు గడుస్తుందా? ఇవాళంటే... ఇవాళ ఒంట్లో బాలేదు కాబట్టి కాస్త నెమ్మదిగా... నువ్వేమిటమ్మా, మిషనూ మనిషీ ఒకటేనా?”

“నేను వెళ్ళి చూస్తా.”

“ఆగమ్మా, ఆగు. నువ్విలా మొహం పెట్టుకుని వెళితే అది హడలిపోతుంది. ఇక్కణ్ణుంచే తేల్చేస్తా, నువ్వు చేసినట్టే. కావాలని చెడగొడతా. గగ్గోలు పెట్టకపోతే నన్నడుగు. కాస్త పక్కకి జరుగు, చేతికందింది విసిరినా విసురుతుంది.”

“త్వరగా అడగండి మామయ్యా.”

“ఏమేవ్! వింటున్నావా? నేను మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నానే! పిల్ల గుమ్మంలోనే నిలబడి ఉంది! లోపలికి తీసుకొచ్చెయ్యనా?”

“ఆఁ. బాగానే ఉంది.”