రాత్రికి ఆకుపచ్చ దారం

దారాల సంగతా? అది మా అన్న నాగభూషణం తెలివనుకుంటారందరూ. కాదు, మా వదిన రత్తమ్మ వల్ల పుట్టిందది. ఏమైందంటే, దర్శిలో బస్టాండు పక్కన ఆయన మందుల కొట్టు పెట్టిన ఏడే ఆమెకి జొరమొచ్చింది. ఈయన మూడు పొట్లాలు కట్టి, ఏది ఏ పూటకో పైన రాసి, సరుకు తేను ఒంగోలు పోయాడంట. ఆమెకి నాకు మల్లే అక్షరం ముక్క రాదు గదా, మూడూ ఒక్కసారే మింగి కూర్చుంది. ఇంకేముంది, సాయంత్రానికి కళ్ళు తేలేసిందనుకో. డాక్టరొచ్చి ఎట్టాగో నిలబెట్టాడు. ఈయన తల బాదుకుని, రాశాను గదే, చూసుకోవద్దా అంటే, "రాశావులే, నువ్వు చదువుకోను రాసుకున్నావు, నాకోసం రాశావా?" అందంట. మర్నాడే మూడు దారపుండలు తెచ్చాడు. పొద్దుటి పొట్లానికి పసుపు, మధ్యాన్నానికి ఎరుపు, రాత్రికి నలుపు. రత్తాలుకి అర్థమైందంటే దేశానికంతా అర్థమైనట్టే అనేవాడు, కొట్లో అందరి ముందూ. ఆమె చేతిలో ఏదుంటే అది ఇసిరేది.

జనం రెండు కొట్లు దాటుకుని మరీ దారాల కొట్టుకే వచ్చేవాళ్ళు. తర్వాత పొదిలిలో పెట్టాడా, అక్కడేమైందో ఇను. ఒక ముసలాయన పదిరోజులకి తిరిగొచ్చి, ఏందయ్యా నీ మందు, మనవరాలికి దగ్గు తగ్గలా అని కేకలు. రాత్రి మందు వేశావా పెద్దాయనా అంటే, "వేశానయ్యా, ఆరోజే వేశా, మెళ్ళోనే ఉంది చూసుకో!" అన్నాడంట. నల్లదారం దిష్టికి గదా, పొట్లంతో సహా పిల్ల మెళ్ళో కట్టాడు. ఆయన తప్పేముంది, నేనైనా కట్టేదాన్నే. మా వదిన పడీ పడీ నవ్వి, ఆ నలుపు తీసేసి ఆకుపచ్చ పెట్టవయ్యా సామీ అంది. అప్పట్నుంచీ రాత్రికి ఆకుపచ్చ. ఇంక కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు, అట్టా అట్టా నలభై కొట్లైనాయి. ఏ కొట్టు తెరిచినా రిబ్బన్లూ కత్తెర్లూ లేవు, మా వదినొచ్చి మొదటి పొట్లం కట్టాలి, దారం పళ్ళతో తెంచాలి. అదే ప్రారంభం.

తర్వాత కొడుకు మాధవ కూర్చున్నాడు కొట్లమీద. మంచోడే వాడు. ఇప్పుడు పొట్లాలెవరు కడతారమ్మా, మిషను చీటీ అంటిస్తే పోయె అన్నాడు. మా వదిన మిగిలిన దారాలు పూలు గుచ్చుకోను ఇంటికి తెచ్చుకుంది, అంతే.

కిందటి చలికాలం మా అన్నకి గుండె చెడింది. ఇంక రోజులే మిగిలినాయని డాక్టరు చెప్పేశాడు. కోడలు చదివి చదివి మందులేసేది. ఒకరోజు ఆ పిల్ల పుట్టింటికి పోయింది. మా వదిన బిళ్ళల అట్టలన్నీ ఒళ్ళో పోసుకుని ఊరికే కూర్చునుందంట. ఏందే అన్నాడు మంచంలోంచి. "ఏది ఏ పూటో తెలీడంలా. నలభై కొట్లు పెట్టి, చివరికి నన్ను మళ్ళా మొదటికే తెచ్చావు" అంది. ఆ మాటకి ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయంట. కొడుకుని పిలిపించి, మీ అమ్మ చేత్తో వేస్తేనే మింగుతాను, దారాలు కట్టు అన్నాడు. వాడు పంట్లాంతో కిందే చతికిలబడి పొట్లాలు కట్టాడు. పసుపు కట్టాడు, ఎరుపు కట్టాడు, రాత్రికేమో నలుపు కట్టాడు! చిన్నప్పుడు దర్శి కొట్లో చూసిందే వాడికి గుర్తు; హాస్టల్లో పెరిగి, కొట్లమీద కూర్చున్నా చేత్తో పొట్లం కట్టనోడు, ఆకుపచ్చ సంగతి వాడికేం తెలుసు?

దీపాలేళకి ఆమె ఎవర్నీ అడక్కుండా ఆ పొట్లం విప్పి ఆయన నోట్లో వేసింది. చూశావా నీ కొడుకు దిష్టి దారం కట్టాడు అంటే ఇద్దరూ ఒకటే నవ్వంట. ఆ దారం పారెయ్యబుద్ధి గాక ఆయన మణికట్టుకి చుట్టి, ముడేసి, పళ్ళతో తెంచింది. "ఈ వయసులో నాకెవరు పెడతారే దిష్టి?" అన్నాడంట. "నేనే" అంది.

తెల్లారేసరికి మా అన్న లేడు.